పాత సినిమా మళ్లీ చూశారు సరే, చూసింది ఏ కాపీ?

2013లో వచ్చిన హిందీ సినిమా 'రాంఝనా' చివర్లో హీరో కుందన్ చనిపోతాడు. 2025 ఆగస్టు 1న ఆ సినిమా తమిళ అనువాదం 'అంబికాపతి' తమిళనాడు థియేటర్లకు మళ్లీ వచ్చింది. ఈసారి కుందన్ కళ్లు తెరిచాడు. హక్కులున్న ఈరోస్ సంస్థ ఏఐ సాయంతో ముగింపునే మార్చేసింది. దర్శకుడు ఆనంద్ ఎల్. రాయ్, హీరో ధనుష్ ఇద్దరూ అభ్యంతరం చెప్పారు. అయినా సినిమా ఆగలేదు.

ఇంత పెద్ద మార్పు తెలుగు రీ-రిలీజుల్లో ఇప్పటిదాకా నా దృష్టికి రాలేదు. చిన్న మార్పులు మాత్రం మనం రోజూ చూస్తూనే ఉన్నాం, గమనించడం లేదంతే. ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్‌లలో తెలుగువాళ్లు నలుగురు కలిస్తే ఈ మధ్య కొత్త సినిమాలకంటే పాతవాటి గురించే ఎక్కువ మాట్లాడుకుంటున్నారు. 'మాయాబజార్' పిల్లలకు చూపిస్తే సగంలో లేచిపోయారని ఒకరంటారు. 'ఖలేజా' ఇప్పుడు చూస్తే అప్పుడెందుకు ఆడలేదో అర్థం కాలేదని ఇంకొకరు. 'మిస్సమ్మ' బొమ్మ మసగ్గా ఉందనీ, అంత గొప్పగా తీయలేదనీ మరొకరు. అందరూ కళ్లారా చూసే చెబుతున్నారు. అయితే వాళ్లు చూసింది ఏ కాపీ? ఎక్కడి నుంచి వచ్చిన కాపీ? ఎవరు ఎంత కోసిన కాపీ? అది తెలియకుండా 'మిస్సమ్మ' ఛాయాగ్రహణం మీద తీర్పు ఇవ్వడమంటే, జిరాక్సుకు జిరాక్సు చూసి చేతిరాత బాగోలేదనడమే.

పుట్టినరోజుల లెక్క

పాత సినిమా మళ్లీ థియేటర్‌కు రావడం కొత్తేమీ కాదు. 'లవకుశ', 'మాయాబజార్', 'పాతాళభైరవి' లాంటివి ఊళ్లలో ఏళ్ల తరబడి రిపీట్ రన్‌లు ఆడాయి. అప్పట్లో రీళ్ల డబ్బాలు ఊరూరా తిరిగేవి. తిరిగిన కొద్దీ ప్రింట్ మీద గీతలు పడేవి. తెగిన చోటల్లా ఆపరేటర్ నాలుగు ఫ్రేములు కత్తిరించి అతికించేవాడు. శాటిలైట్ చానళ్లు వచ్చాక ఆ చలామణీ ఆగిపోయింది.

ఇప్పటి ఊపు 2022లో మొదలైంది. ఆ ఏడాది ఆగస్టు 9న మహేశ్‌బాబు పుట్టినరోజుకు 'పోకిరి' ప్రత్యేక ప్రదర్శనలు వేశారు. సెప్టెంబరులో పవన్ కల్యాణ్ పుట్టినరోజుకు 'జల్సా' వచ్చింది. ఆ తర్వాత 'ఖుషి', 'ఆరెంజ్', 'సింహాద్రి', 'బిజినెస్‌మేన్', 'మురారి', 'ఇంద్ర', 'గబ్బర్ సింగ్' వరసకట్టాయి. ఆర్థిక లెక్క చాలా తేలిక. ప్రింట్లు కొట్టక్కర్లేదు, డిజిటల్ ఫైలు పంపితే చాలు. ప్రచారం అభిమానులే చేస్తారు. కొత్త సినిమా లేని వారంలో థియేటర్‌కు అదే ఆదాయం. 2023 మేలో 'సింహాద్రి' ఆడుతుండగా విజయవాడలో ఒక థియేటర్ లోపల టపాసులు కాల్చి సీట్లు తగలబెట్టుకునేదాకా వెళ్లింది ఈ ఉత్సాహం.

విడుదలైనప్పుడు పోయిన సినిమాలు ఇప్పుడు గెలవడం ఇందులో నాకు ఆసక్తి కలిగించే సంగతి. 'ఖలేజా', 'ఆరెంజ్' రెండూ 2010లో వచ్చి నిర్మాతలను ముంచినవే. హిందీలో 2018 నాటి 'తుంబాడ్' 2024 సెప్టెంబరులో మళ్లీ విడుదలై మొదటిసారికంటే ఎక్కువ వసూలు చేసింది. 2016లో ఎవరూ పట్టించుకోని 'సనమ్ తేరీ కసమ్' 2025 ఫిబ్రవరిలో హౌస్‌ఫుల్ బోర్డులు పెట్టించింది. మధ్యలో టీవీ ఉంది, మీమ్స్ ఉన్నాయి. 'ఖలేజా'లో త్రివిక్రమ్ మాటలు మొదటి రోజు థియేటర్లో వినపడకుండా పోయాయి. మహేశ్ నుంచి జనం ఆశించింది వేరు. తర్వాత ఏ ఆశా లేకుండా టీవీలో ముక్కలు ముక్కలుగా చూసేసరికి ఆ మాటలు నోటికి ఎక్కాయి. ఇప్పుడు థియేటర్‌కు వెళ్లేవాళ్లు సినిమా చూడటానికి వెళ్లడం లేదు, తమకు వచ్చిన మాటలు అందరితో కలిసి అప్పజెప్పడానికి వెళ్తున్నారు. నాకు అందులో తప్పేమీ కనిపించదు. అయితే సెకండాఫ్ అప్పుడూ సాగింది, ఇప్పుడూ సాగింది. ఆ మాట చెప్పకపోతే అన్యాయం.

ఢిల్లీకి వచ్చేసరికి

ఈ రీ-రిలీజులు ఢిల్లీ పరిసరాలకు చేరడం అదృష్టం మీద ఆధారపడిన పని. పెద్ద హీరో సినిమా అయితే వారాంతంలో ఏదో ఒక మల్టీప్లెక్స్‌లో ఒకటి రెండు ఆటలు పడతాయి. నలుపు తెలుపు సినిమా అయితే ఆశ వదులుకోవాలి. నగరానికి పాత సినిమా మీద ప్రేమ లేక కాదు. కనాట్ ప్లేస్‌లోని రీగల్ 2017 మార్చి 30న మూతపడినప్పుడు చివరి ఆటలుగా వేసినవి రాజ్‌కపూర్ 'మేరా నామ్ జోకర్', 'సంగమ్'. వీడ్కోలుకు కూడా పాత సినిమానే కావాల్సి వచ్చింది.

ఢిల్లీ తెలుగువాళ్లకు పాత సినిమా చాలాకాలం దూరదర్శన్ దయ. ఆదివారం మధ్యాహ్నం జాతీయ ప్రసారంలో ప్రాంతీయ భాషా చిత్రం వేసేవారు. తెలుగు వంతు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసిన తరం ఇంకా ఇక్కడ ఉంది. కింద ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లు ఉండేవి కాబట్టి పక్కింటి పంజాబీలు, బెంగాలీలు కూడా వచ్చి కూర్చునేవారని ఆ తరంవాళ్లు చెబుతారు. ఇప్పుడు యూట్యూబ్‌లో వందల తెలుగు పాత సినిమాలున్నాయి, సబ్‌టైటిళ్లు ఉన్నవి మాత్రం తక్కువ. 'మాయాబజార్'లో పింగళి నాగేంద్రరావు పుట్టించిన అసమదీయులు, తసమదీయులు లాంటి మాటలు పక్కనున్న హిందీ స్నేహితుడికి ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. 'మిస్సమ్మ' కొంచెం నయం. ఎల్.వి. ప్రసాదే దాన్ని 1957లో మీనా కుమారితో 'మిస్ మేరీ'గా తీశారు కాబట్టి, ఆ పేరు చెబితే ఇక్కడి పెద్దవాళ్ల ముఖం వెలుగుతుంది.

తల ఎందుకు తెగింది?

ఇప్పుడు అసలు విషయం. 1950ల సినిమా ఫ్రేము దాదాపు చదరంగా ఉంటుంది. ఎత్తు 1 అయితే వెడల్పు 1.37. ఇప్పటి టీవీ తెర వెడల్పు 1.78. సినిమాస్కోప్ తెర 2.35. చదరపు బొమ్మను వెడల్పు తెర నిండా పరచాలంటే మూడే దారులు. పక్కల నల్లటి పట్టీలు వదిలి బొమ్మను ఉన్నదున్నట్టు చూపించడం ఒకటి. అడ్డంగా సాగదీయడం ఇంకొకటి. అప్పుడు అందరూ లావైపోతారు. మూడోది పైనా కిందా కోసేయడం.

కోస్తే ఎంత పోతుందో లెక్క వేసుకోవచ్చు. టీవీ తెరకు సరిపెట్టాలంటే బొమ్మలో 23 శాతం పోతుంది. సినిమాస్కోప్‌కు సరిపెట్టాలంటే 42 శాతం పోతుంది. అంటే దాదాపు సగం సినిమా. ఆ రోజుల్లో కెమెరామెన్ నిలువు ఫ్రేమును దృష్టిలో పెట్టుకుని నటులను నిలబెట్టేవారు. పైన కిరీటం, కింద పాదాలు, నర్తకి అయితే పూర్తి నిలువు. కోసిన కాపీలో కిరీటం పోతుంది, నాట్యంలో కాళ్లు పోతాయి. 'పాతవాళ్లకు ఫ్రేమింగ్ తెలియదు' అనే మాట యూట్యూబ్ కాపీలు చూసినవాళ్ల నోట చాలాసార్లు విన్నాను. మార్కస్ బార్‌ట్లీ వెన్నెలను నలుపు తెలుపులో సృష్టించిన మనిషి. ఆయనకు ఫ్రేమింగ్ తెలియకపోవడమేమిటి?

1957 మార్చి 27న విడుదలైన 'మాయాబజార్'ను హైదరాబాద్‌కు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ రంగుల్లోకి మార్చి 2010 జనవరి 30న విడుదల చేసింది. రంగుతోపాటు ఫ్రేమును సినిమాస్కోప్‌కు, శబ్దాన్ని డీటీఎస్‌కు మార్చారు. ఆ పని వెనక ఉన్న శ్రమను తక్కువ చేయను. ఆ రంగుల వల్లే ఒక తరం పిల్లలు ఘటోత్కచుణ్ని థియేటర్లో చూశారు. కానీ ఇంట్లో మీకు రెండూ దొరికితే నలుపు తెలుపుదే పెట్టండి. రంగుల్లో ఆభరణాలు, బట్టలు కళ్లను లాగేస్తాయి. నలుపు తెలుపులో ఎస్.వి. రంగారావు ముఖమే లాగుతుంది. సావిత్రి ఘటోత్కచుడై నడిచే సన్నివేశాల్లో ఆమె కనుబొమ్మలు చేసే పనంతా వెలుగునీడల్లోనే ఉంది.

దీనికి తలకిందుల సమస్య కూడా ఉంది. 1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు' తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం. అది పాత చదరపు టీవీ తెర నిండా కనిపించాలంటే రెండు పక్కలా కోయాలి. అక్కడ కూడా నలభై శాతం పైగా పోతుంది. మన్యంలో వరసగా నిలబడ్డ జనం ఉండాల్సిన చోట ముగ్గురే కనిపిస్తారు. అలా కోసిన పాత టీవీ కాపీలు ఇప్పటికీ ఇంటర్నెట్‌లో తిరుగుతున్నాయి.

మల్టీప్లెక్స్‌లో పాత సినిమాకు పక్కల నల్ల పట్టీలు కనిపిస్తే కొందరు 'స్క్రీన్ నిండలేదు' అని సిబ్బందితో గొడవ పడతారు. ఆ పట్టీలే సినిమా సరిగ్గా ఉందనడానికి గుర్తు.

శ్రుతి తప్పిన శంకరాభరణం

ఫ్రేము తర్వాత వేగం. సినిమా సెకనుకు 24 ఫ్రేములతో నడుస్తుంది. మన టీవీ ప్రసార పద్ధతి 25 ఫ్రేములది. వీడియో రోజుల్లో చాలా సినిమాలను టీవీకి ఎక్కించేటప్పుడు తేడాను సర్దడానికి సినిమానే కొంచెం వేగంగా నడిపేవారు. నాలుగు శాతం తేడా. మూడు గంటల సినిమా ఏడు నిమిషాలు ముందే అయిపోతుంది. కంటికి ఇది తెలియదు, చెవికి తెలుస్తుంది. వేగం పెరిగితే శ్రుతి పెరుగుతుంది. నాలుగు శాతానికి ఒక స్వరస్థానంలో దాదాపు మూడింట రెండొంతులు పైకి వెళ్తుంది. శ్రుతి తప్పితే సహించని శంకరశాస్త్రి కథను అలాంటి కాపీలో చూస్తే మొత్తం సినిమా ఏ శ్రుతికీ చెందకుండా నడుస్తుంది. గొంతులు కాస్త పలచబడి, పాటలు కాస్త తొందరపడుతున్నట్టు అనిపిస్తే మీ చెవిది తప్పు కాదు.

1980 ఫిబ్రవరి 2న విడుదలైన 'శంకరాభరణం' గురించి ఒక మాట చెప్పి ముందుకు వెళ్తాను. అది పాటల సినిమా అని అందరూ అంటారు. ఈసారి చూసినప్పుడు నాకు మౌనాల సినిమా అనిపించింది. మంజుభార్గవి పాత్రకు మాటలు ఎంత తక్కువో లెక్కపెట్టి చూడండి. బాలు మహేంద్ర కెమెరా ఆమె మాట్లాడని చోటల్లా ఆగుతుంది. టీవీ కాపీల్లో ముందుగా కోతపడేవి ఇవే. పాట కోస్తే జనం గొడవ చేస్తారు, మౌనం కోస్తే ఎవరికీ తెలియదు.

శబ్దం సంగతికి వస్తే 'శివ' మంచి ఉదాహరణ. 1989 అక్టోబరు 5 నాటి ఆ సినిమాను 2025 నవంబరు 14న 4కెలో, డాల్బీ అట్మాస్ శబ్దంతో మళ్లీ విడుదల చేశారు. సైకిల్ చైన్ తెంపిన శబ్దం తల వెనక నుంచి వస్తుంటే ఒళ్లు జలదరించిన మాట నిజం. అయితే ఆ సినిమా భయం నాకు ఎప్పుడూ శబ్దంలో కంటే శబ్దం ఆగిన చోట ఉండేది. కాలేజీ గేటు, ఖాళీ వీధి, వెనకాల అడుగులు. చుట్టూ ఎనిమిది వైపుల నుంచి ఏదో ఒకటి వినిపిస్తుంటే ఆ ఖాళీతనం కొంచెం తగ్గింది. ఇది మార్పు చేసినవారి తప్పని అనను. రామ్‌గోపాల్ వర్మ స్వయంగా ముందుండి చేయించుకున్న మార్పు. ఎవరిష్టం వారిది.

'ఆదిత్య 369' (1991) 2025 ఏప్రిల్ 4న మళ్లీ వచ్చింది. సింగీతం శ్రీనివాసరావు టైమ్ మెషీన్ మనల్ని 1526కూ తీసుకెళ్తుంది, 2504కూ తీసుకెళ్తుంది. తమాషా ఏమిటంటే భవిష్యత్తు భాగమే ఇప్పుడు పాతబడిపోయి కనిపిస్తుంది, కృష్ణదేవరాయల కాలం కొత్తగా ఉంది. 4కె శుభ్రత భవిష్యత్తు సెట్లలోని ప్లాస్టిక్‌ను దాచకుండా చూపిస్తుంది. 1991లో వీడియో క్యాసెట్ మసకలో అది అంత తెలిసేది కాదు. స్పష్టత ప్రతిసారీ సినిమాకు మేలు చేయదు. నేను వెళ్లిన ఆటలో మాత్రం ముందు వరస పిల్లలకు ఇవేవీ పట్టలేదు. యంత్రం గిరగిరా తిరుగుతుంటే వాళ్లు కేకలు వేస్తూనే ఉన్నారు.

సినిమా ఎవరిది?

'రాంఝనా' దగ్గరికి మళ్లీ వెళ్దాం. దర్శకుడు వద్దంటే ముగింపు ఎలా మార్చగలిగారు? భారత కాపీరైట్ చట్టం ప్రకారం సినిమాకు కర్త దర్శకుడు కాదు, నిర్మాత. 1957 నాటి ఆ చట్టం నిర్వచనాల్లోనే ఆ మాట ఉంది. అదే చట్టంలోని 57వ సెక్షన్ తన కృతిని వికృతం చేస్తే అడ్డుకునే హక్కు కర్తకు ఇస్తుంది. కర్త నిర్మాతే అయినప్పుడు దర్శకుడు ఆ సెక్షన్‌ను పట్టుకోవడం కష్టం.

ఈ సెక్షన్‌కు పదును పెట్టిన కోర్టు ఢిల్లీ హైకోర్టు. హిందీ రచయిత్రి మన్నూ భండారీ తన నవల 'ఆప్‌కా బంటీ'ని సినిమాగా తీసి కథను వికృతం చేశారని వెళ్తే, హక్కులు అమ్ముకున్నాక కూడా రచయితకు ఆ ప్రత్యేక హక్కు ఉంటుందని 1986లో చెప్పింది. శిల్పి అమర్‌నాథ్ సెహగల్ విజ్ఞాన్ భవన్ కోసం చేసిన కాంస్య కుడ్యచిత్రాన్ని ప్రభుత్వం 1979లో పీకి గోదాములో పడేసింది. 2005లో అదే కోర్టు దాని శకలాలను ఆయనకు తిరిగి ఇప్పించి, 5 లక్షల రూపాయల పరిహారం ఇమ్మంది. సత్యజిత్ రాయ్ 'నాయక్' స్క్రీన్‌ప్లే మీద హక్కు నిర్మాతది కాదు, రాయ్‌దేనని 2023లో తేల్చింది. నవలా రచయితకు, శిల్పికి, స్క్రీన్‌ప్లే రచయితకు దారి దొరికింది. దర్శకుడు మాత్రం ఇంకా గుమ్మం బయటే ఉన్నాడు.

దర్శకుడు తనే కోసుకుంటే అది వేరే కథ. రాజమౌళి రెండు 'బాహుబలి'లను కలిపి 2025 అక్టోబరు 31న 'బాహుబలి: ది ఎపిక్' పేరుతో మూడుమ్ముప్పావు గంటల సినిమాగా తెచ్చారు. తమన్నా ప్రేమకథలో చాలాభాగం పోయింది. కథ పరుగెత్తింది. నాకు నచ్చింది. కానీ రేపు ఓటీటీలో ఇది ఒక్కటే మిగిలితే, 2015లో దేశమంతా రెండేళ్లపాటు కట్టప్ప ప్రశ్న అడిగిన ఆ మొదటి సినిమా ఎలా ఉండేదో కొత్తగా చూసేవాళ్లకు తెలియదు.

'షోలే' విషయంలో ఇదే తిరగబడింది. 1975 ఆగస్టు 15న విడుదలైన సినిమాలో పోలీసులు వచ్చి గబ్బర్‌ను పట్టుకెళ్తారు. రమేశ్ సిప్పీ మొదట తీసింది అది కాదు. ఠాకూర్ మేకుల చెప్పులతో గబ్బర్‌ను చంపేస్తాడు. ఎమర్జెన్సీ రోజుల సెన్సార్ ఒప్పుకోక ముగింపు మళ్లీ తీయించింది. ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ పునరుద్ధరించిన కాపీలో అసలు ముగింపు తిరిగొచ్చింది. 2025 జూన్‌లో ఇటలీలోని బొలోన్యా ఉత్సవంలో, డిసెంబరులో మన థియేటర్లలో అది కనిపించింది. యాభై ఏళ్లుగా మనకు తెలిసిన 'షోలే' కూడా ఒక మార్చిన కాపీయే.

అరవై ఏళ్లు దాటితే

సినిమా మీద కాపీరైట్ విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు ఉంటుంది. ఆ లెక్కన 'దేవదాసు' (1953) హక్కు 2013తో, 'మిస్సమ్మ' (1955) హక్కు 2015తో, 'మాయాబజార్' 2017తో, 'గుండమ్మ కథ' (1962) 2022తో ముగిశాయి. పాటల, కథల రచయితల హక్కులు వేరు. అవి వారి మరణానంతరం 60 ఏళ్లు. పింగళి 1971లో పోయారు కాబట్టి ఆయన రాసిన వాటి మీద హక్కు 2031 దాకా ఉంటుంది.

సినిమా అందరిదీ అయిపోవడం వినడానికి బాగుంటుంది. జరిగేది మాత్రం వేరు. ఒకే పాత టీవీ కాపీని పది చానళ్లు ఎక్కిస్తాయి. ఒక్కొక్కరు తమ ముద్ర ఒక మూల అంటిస్తారు, ఒకరు పైనా కిందా కోస్తారు, ఇంకొకరు రంగులు పూస్తారు. నెగెటివ్ వెతికి, శుభ్రం చేసి, ఫ్రేము ఫ్రేమూ సరిచేయడానికి డబ్బు పెట్టేవాడు ఉండడు. తను ఖర్చు పెట్టినదాన్ని మర్నాడు ఎవరైనా ఎత్తుకుపోతే అడిగే హక్కు ఎంతుంటుందో తెలియదు మరి. అటు 2000 తర్వాతి హిట్లకు హక్కుదారు ఉన్నాడు, అభిమాన సంఘం ఉంది, పుట్టినరోజు ఉంది. అందుకే 'మురారి'కి 4కె వస్తుంది. సూర్యకాంతం పుట్టినరోజుకు బెనిఫిట్ షో వేసేవాళ్లు ఎవరున్నారు? ఇంకొన్నేళ్లలో మన కళ్ల ముందు రెండు రకాల గతాలుంటాయి. ఇరవై ఏళ్ల నాటిది అద్దంలా మెరుస్తూ ఉంటుంది. డెబ్భై ఏళ్ల నాటిది మసగ్గా, తలలు తెగి ఉంటుంది. పిల్లలు రెండోదాన్ని చూసి లేచిపోతే తప్పు పట్టలేం.

మినహాయింపులు లేకపోలేదు. అక్కినేని నాగేశ్వరరావు శతజయంతికి 2024 సెప్టెంబరు 20 నుంచి మూడు రోజులు ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ దేశంలోని పలు నగరాల్లో ఆయన సినిమాలు వేసింది. 'దేవదాసు', 'మిస్సమ్మ', 'సుడిగుండాలు', 'ప్రేమ్‌నగర్' వంటివి అందులో ఉన్నాయి. అదే ఏడాది నవంబరులో గోవా చలనచిత్రోత్సవంలో 'దేవదాసు' పునరుద్ధరించిన 4కె ప్రతిని ప్రదర్శించారు. అది జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ పని. జాతీయ ఫిల్మ్ వారసత్వ మిషన్ కింద సుమారు 2,200 సినిమాలను పునరుద్ధరిస్తామని కేంద్రం 2022లో ప్రకటించింది. మిషన్ మొత్తం బడ్జెట్ 597 కోట్ల రూపాయలు.

మిషన్ కాపాడగలిగేది మిగిలిన వాటినే. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' (1932) ప్రతి ఒక్కటీ మిగల్లేదు. పాత నైట్రేట్ ఫిల్ము నిప్పు తగిలితే ఆరదు. 2003 జనవరిలో పుణే ఆర్కైవ్‌లోనే మంటలు లేచి ఎన్నో రీళ్లు బూడిదయ్యాయి. తర్వాత వచ్చిన ఎసిటేట్ ఫిల్ము కాలదు కానీ వేడికీ తేమకూ పులిసిపోతుంది. డబ్బా తెరిస్తే వెనిగర్ వాసన కొడుతుంది. మద్రాసు తేమలో దశాబ్దాలు మగ్గిన తెలుగు నెగెటివ్‌ల సంగతి ఊహించుకోవచ్చు. ల్యాబుల్లో అద్దె కట్టేవారు లేక పడి ఉన్నవి కొన్ని. వెండి తీయడానికి కరిగించినవి ఇంకొన్ని.

ఇంట్లోనే చేయగల ఒక పరీక్ష

కాపీ మంచిదో కాదో తెలుసుకోవడానికి ఒక చిన్న దారి ఉంది. సినిమా మొదట్లో సెన్సార్ సర్టిఫికెట్ కనిపించిన చోట వీడియో ఆపండి. అందులో రీళ్ల సంఖ్య, సినిమా పొడవు ఉంటాయి. పాతవాటిలో అడుగుల్లో, తర్వాతివాటిలో మీటర్లలో. 35 ఎంఎం ఫిల్ము నిమిషానికి 90 అడుగులు, అంటే సుమారు 27.4 మీటర్లు నడుస్తుంది. సర్టిఫికెట్ మీద 4,900 మీటర్లని ఉంటే సినిమా నిడివి 179 నిమిషాలు ఉండాలి. మీ కాపీ 171 లేదా 172 చూపిస్తే అది వేగం పెంచిన టీవీ కాపీ కావచ్చు. 150 చూపిస్తే అరగంట సినిమా ఎక్కడో పోయింది. చాలా కాపీల్లో ఆ సర్టిఫికెట్టే కోసేసి ఉంటుంది. అలాంటప్పుడు పేర్లు పడే చోట చూడండి. నటీనటుల పేర్లలో పై వరసో కింది వరసో సగానికి తెగి ఉంటే, తర్వాత వచ్చే మనుషుల తలలూ కాళ్లూ అలాగే తెగుతాయి. అదే సినిమాకు ఇంకో కాపీ వెతుక్కోవడం మేలు.